బూర్గుల రామకృష్ణారావు గారు: ఫర్మానా నుండి శాసనమునకు

రాజ్యమేదైనను దానిని గూర్చి ప్రజలు అడుగవలసిన ప్రశ్నలు ముఖ్యముగా రెండు. శాసనము చేయు అధికారమెవరిది? భూమి ఫలమునకు హక్కుదారెవరు? మొదటిది రాజ్యాంగమునకు సంబంధించినది; రెండవది ఆర్థిక వ్యవస్థకు సంబంధించినది. వీనిని వేర్వేరుగా చదువుకొన్నవారు దేనిని గాని సమగ్రముగా ఎరుగజాలరని మా యభిప్రాయము. గ్రంథములయందు ఈ విషయములు శుష్కములుగా తోచును. ఒక మనుష్యుని జీవితమందు చూచినచో అవి సుబోధములగును. అట్టి జీవితమును మా పాఠకుల యెదుట నుంచుటకు నేడు పూనుకొనుచున్నాము. హైదరాబాదు రాష్ట్రమునకు ప్రజలెన్నుకొన్న శాసనసభకు బాధ్యుడైన తొలి ముఖ్యమంత్రి, కీర్తిశేషులు శ్రీ బూర్గుల రామకృష్ణారావు గారి జీవితమది.

ఇబ్రహీంపట్నము పరిసరములందు భూవసతి గల గృహస్థులకు ఖాస్రా పహాణీ యననేమో చెప్ప నక్కరలేదు. తగవు పుట్టినపుడు, అమ్మకము జరుగునపుడు, న్యాయస్థానమున దావా పడినపుడు, 1954-55వ సంవత్సరపు ఆ లెక్కలో ఎవరి పేరున్నదో వెదకుట పరిపాటి. రక్షిత కౌలుదారు అనుమాటయు, 38-ఇ ధ్రువపత్రమను మాటయు రంగారెడ్డి జిల్లా భూవ్యాజ్యములలో నేటికిని వినబడుచునే యున్నవి. ఆ లెక్క వ్రాయబడిన దినములలో రాష్ట్రమున ముఖ్యమంత్రిగా నుండినవారు బూర్గుల వారే. కాగితమును భద్రముగా పెట్టెలో దాచుకొన్నవారు, ఆ కాగితము పుట్టిన కథను కూడ తెలిసికొనుట యుక్తము గదా.

రామకృష్ణారావు గారు 1899వ సంవత్సరము మార్చి 13వ తేదీన పడకల్లు గ్రామమున జన్మించిరి. అది నాటి మహబూబునగరు జిల్లా కల్వకుర్తి తాలూకాలోనిది. బూర్గుల వారి పూర్వుల గ్రామము. 2016లో జిల్లాల పునర్విభజన జరిగిన పిమ్మట ఈ రెండు గ్రామములును రంగారెడ్డి జిల్లాలోనికే వచ్చినవి. కావున ఇబ్రహీంపట్నపు రైతులకు బూర్గుల వారు ఇప్పుడు స్వజిల్లా వారే యనవచ్చును. వారు హైదరాబాదు నగరమున పాఠశాల విద్య ముగించి, పుణ్యపత్తనమందలి ఫెర్గూసను కళాశాలలో పట్టము పొంది, బొంబాయి విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివి, హైదరాబాదునకు మరలి న్యాయవాదవృత్తి నవలంబించిరి. తెలుగు, సంస్కృతము, ఉర్దూ, పారసీకము, మరాఠీ, కన్నడము, ఆంగ్లము వారికి స్వాధీనములు. పారశీక వాఙ్మయ చరిత్రను తెలుగున రచించిరి, సౌందర్యలహరిని తెలిగించిరి. పిమ్మటి కాలమున భారత ప్రధానియైన శ్రీ పాములపర్తి వేంకట నరసింహారావు గారు వీరియొద్దనే న్యాయవాదవృత్తిలో శిష్యరికము చేసిరి.

వీరు జన్మించిన రాజ్యము స్వరూపమెట్టిది? హైదరాబాదు సంస్థానము ఎనుబది రెండువేల చదరపు మైళ్లకు మించిన దేశము. తెలుగు, మరాఠీ, కన్నడము మాటలాడు ప్రజలందు గలరు. అందు నిజాము ప్రభువు వెలువరించిన ఫర్మానాయే శాసనము. 1893లో మహబూబు ఆలీఖాను గారు కానూన్చాయె ముబారకు అను నిబంధనావళిని ప్రకటించి శాసన నిర్మాణసభ నొకదానిని ఏర్పరచిరి. 1919లో ఉస్మాను ఆలీఖాను గారు కార్యనిర్వాహకమండలిని నెలకొల్పిరి. ఇవి పరిపాలనా సౌకర్యమునకై చేసిన యేర్పాటులే గాని ప్రభువు అధికారమునకు హద్దులు కావు. మంత్రులు ప్రభువునకు బాధ్యులు, ప్రజలకు గారు. ప్రభువు మంచివాడైనచో మేలు జరుగవచ్చును, జరిగినది కూడ. ఉస్మానియా విశ్వవిద్యాలయము, నిజాంసాగరము ఆ పాలనలో వెలసినవే. అయినను ఇచ్చినవాడే తీసికొనగలిగినపుడు, ఆ లభించినది దయయే గాని హక్కు కాదు. రాజ్యాంగబద్ధ పరిపాలనకును తదితరమునకును గల భేదమంతయు ఈ యొక్క మాటలో ఇమిడియున్నదని మేము తలంచుచున్నాము.

ఇక ఆర్థిక వ్యవస్థ. ఒకే రాజ్యమున నాలుగైదు విధములైన భూస్వామ్యములు పక్కపక్కనే నడచెను. ప్రభుత్వము నేరుగా రైతునుండి పన్ను గొను భూమి దివానీ లేక ఖాల్సా. ప్రభువు సొంత ఖర్చునకు కేటాయింపబడినది సర్ఫెఖాసు. హైదరాబాదు నగరము చుట్టునుగల అత్రాఫు బల్దా జిల్లా ఇట్టిదే. ప్రభువంశముతో సంబంధము గల పాయిగా అమీరులకు ఒక భాగము. జాగీరుదారులకు మఱియొక భాగము. గద్వాల, వనపర్తి వంటి సంస్థానములు వేఱు. రాజ్యమున సుమారు మూడవవంతు జాగీరుల క్రింద నుండెను. దివానీ గ్రామములలో 19వ శతాబ్దమున సాలారుజంగు మంత్రి నాటినుండి కొలతలు, జమాబందీ, జీతముపై పనిచేయు ఉద్యోగులు అను క్రమము కొంత యేర్పడెను. జాగీరు గ్రామములలో అట్టి క్రమము అంతట లేకుండెను. పలుచోట్ల రైతు సాగుచేసిన భూమిపై స్థిరమైన హక్కు రైతునకు లేదు. పన్ను ఎంతయో, అదనపు వసూళ్లు ఎన్నియో జాగీరుదారుని మనుష్యులు నిర్ణయించిన రీతిని చెల్లించవలసియుండెను. దివానీ గ్రామములలో సైతము దేశముఖులును, దేశపాండ్యాలును వేలకొలది యెకరములు పట్టా చేయించుకొనిరి. వెట్టిచాకిరి ఎల్లెడల నుండెను.

ఒక సామాన్యమైన ఉదాహరణము చెప్పుదము. ఇబ్రహీంపట్నపు చెరువు ఇబ్రహీం కుతుబుషా కాలమున, అనగా 1550-1580 సంవత్సరముల నడుమ, త్రవ్వబడినది. ఆ ప్రభువు పేరనే ఊరును వెలసినది. చెరువు క్రింద వరి పండించు రైతు శ్రమ ఏ ఏలుబడిలోనైనను ఒకటియే. నీరొకటియే, నేల యొకటియే, నాగలి యొకటియే. కాని ఆ పంటలో అతనికి మిగులునదెంత యనునది మాత్రము నేల స్వభావమును బట్టి గాక, ఆ గ్రామము ఏ పద్ధతిక్రింద నున్నదో దానినిబట్టి నిర్ణయమగుచుండెను. ఆర్థిక వ్యవస్థ యనగా ఇదియే. ధనమెంత పుట్టుచున్నదను లెక్కయొకటే కాదు. పుట్టిన దానిని ఎవరు, ఏ హక్కుతో పంచుకొందురను నిబంధనయు నందు చేరియున్నది.

రామకృష్ణారావు గారి ప్రజాజీవితము ఈ నిబంధనలను మార్చుటకు సాగిన ప్రయాణమే. 1921లో హైదరాబాదున జరిగిన ఒక సంస్కరణసభలో తెలుగున ప్రసంగింప నారంభించినవారిని సభికులు పరిహసించిరి. ఆ యవమానమునుండి ఆంధ్రజనసంఘము పుట్టెను. మాడపాటి హనుమంతరావు గారు మున్నగువారితో కూడి బూర్గుల వారు దాని స్థాపనలో పాల్గొనిరి. గ్రంథాలయములు, పాఠశాలలు, వెట్టిచాకిరి నిర్మూలనము ఆ సంఘపు కార్యక్రమములు. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతను మొదటి ఆంధ్రమహాసభ జరిగెను. 1931లో దేవరకొండలో జరిగిన రెండవ మహాసభకు బూర్గుల వారే అధ్యక్షులు.

ఆ దినములలో సభ జరుపుకొనుటయే గొప్ప సాహసము. గస్తీ నిషాను 53 అను పేర ప్రసిద్ధమైన ప్రభుత్వపు సర్క్యులరు ననుసరించి సభకు ముందుగా అనుమతి పొందవలసియుండెను. శాసనసభ చేసిన చట్టము కాదది. చర్చకు వచ్చినదియు కాదు. ఒక కచేరి నుండి వెలువడిన కాగితము కోటికి మించిన ప్రజల నోటికి తాళము వేసెను. న్యాయవాది యైన రామకృష్ణారావు గారికి ఇందలి అన్యాయము వృత్తిరీత్యా బోధపడియుండవలెను. కఠినమైన శాసనమైనను అది శాసనమైనచో దానిపై వాదింపవచ్చును, దానిని మార్పింపవచ్చును. ఉత్తరువుపై వాదన యెక్కడ?

ఆంధ్రమహాసభలో క్రమముగా రెండు త్రోవలేర్పడెను. మితవాదులు విజ్ఞప్తులు, తీర్మానములు, న్యాయస్థానములు అను మార్గమున నడచిరి. యువకులకు ఆ నడక మందముగా తోచెను. 1944 భువనగిరి మహాసభలో రావి నారాయణరెడ్డి గారి నాయకత్వమున అతివాదులు సభను హస్తగతము చేసికొనిరి. బూర్గుల వారు మితవాదుల పక్షమున నిలిచిరి. ఈ భేదము వ్యక్తులకు సంబంధించినది మాత్రమే కాదు. భూమి ప్రశ్నను హక్కుల మార్పిడిచే తీర్పవలెనా, బలప్రయోగముచే తీర్పవలెనా యను వాదమునకు అదియే నాంది.

1938లో స్టేటు కాంగ్రెసు స్థాపనమునకు పూనుకొనగా దానిని ప్రభుత్వము నిషేధించెను. పిమ్మట 1939లో అరవముదయ్యంగారు సంఘపు నివేదికపై రాజ్యాంగ సంస్కరణములు ప్రకటింపబడెను. 85 మంది సభ్యుల శాసనసభలో 42 మంది మాత్రమే యెన్నుకోబడువారు. ఆ యెన్నికయు ప్రాంతములవారిగా గాక వృత్తులవారిగా, ప్రయోజనములవారిగా జరుగవలసినది. జాగీరుదారులకు ఇన్ని స్థానములు, వర్తకులకు ఇన్ని, రైతులకు ఇన్ని యని పంపిణీ. ఎన్నికైనవారు అల్పసంఖ్యాకులు, మంత్రులు వారికి బాధ్యులు గారు. సభ యనునది ఉన్నంత మాత్రమున రాజ్యాంగబద్ధ పరిపాలన కాదని దీనివలన తెలియుచున్నది. సభకు బొక్కసపు తాళపుచెవి యుండవలెను. సభ విశ్వాసము కోల్పోయిన మంత్రి ఇంటికి పోవలెను. సభ నెన్నుకొను హక్కు పౌరులందరికి సమానముగా నుండవలెను. ఈ మూడు లేని సభ వినతిపత్రములందుకొను చావడి వంటిది. క్విట్టిండియా ఉద్యమకాలమునను, మరల 1947లోను రామకృష్ణారావు గారు చెరసాల కేగిరి.

1948 సెప్టెంబరులో పోలీసుచర్య ముగిసిన పిమ్మట సంస్థానము భారతదేశమున కలిసెను. 1949 ఆరంభమున సర్ఫెఖాసు దివానీలో చేర్పబడెను. అదే సంవత్సరము ఆగష్టులో జాగీరుల రద్దు జరిగెను. నవంబరులో నిజాము ప్రభువే, భారత సంవిధానము తన రాజ్యమునకు వర్తించునని ప్రకటన గావించిరి. ఆ ప్రకటనతో ఫర్మానా తన యధికారమును తానే ముగించుకొనెను. 1950 జనవరి 26 నుండి నిజాము రాజప్రముఖుడు, అనగా మంత్రుల సలహాపై సంతకము చేయు రాజ్యాంగాధిపతి. నాటి వరకు ఎవరి మాట శాసనమో, ఇక వారి సంతకము శాసనమునకు లోబడినది. గద్దెను గూలద్రోయకుండ, అధికారము స్థానము మారెను. ఈ మార్పును సామాన్యముగా నెంచరాదు.

హైదరాబాదు కౌలుదారీ మరియు వ్యవసాయభూముల శాసనము 1950 జూనులో అమలులోనికి వచ్చెను. ఇంచుమించుగా ఆ దినములలోనే వెల్లోడి గారి ప్రభుత్వమున బూర్గుల వారు రెవెన్యూమంత్రి పదవిని స్వీకరించిరి. శాసనమును గ్రామములలో నిలువబెట్టు భారము వారిపై పడెను. భూమిని నిర్ణీత కాలములో ఆఱేండ్లపాటు ఎడతెగక కౌలునకు సాగుచేసినవానిని ఆ శాసనము రక్షిత కౌలుదారుగా గుర్తించెను. అతనిని యజమాని తన యిష్టానుసారము తొలగింప వీలులేదు. కౌలునకు హద్దు ఏర్పడెను. యజమాని భూమిని విక్రయింపదలచినచో మొదట ఇతనికే ఇవ్వజూపవలెను. నిర్ణీతమైన వెలకు కొనుహక్కు ఇతనికి గలదు. రాష్ట్రమంతట సుమారు ఆఱులక్షల మంది రక్షిత కౌలుదారులుగా లెక్కకు వచ్చిరి. అంతకు పూర్వము షిక్మీదారు అనబడి, ఏ లెక్కలోను చేరని మనుష్యుడు సర్కారు కాగితమున పేరు గలవాడయ్యెను.

ఇదే కాలమున ఇబ్రహీంపట్నమునకు తూర్పున, నల్లగొండ జిల్లాలో, మఱి రెండు పద్ధతులు పరీక్షింపబడుచుండెను. సాయుధపోరాటమున కమ్యూనిస్టు దళములు దేశముఖుల భూములను గైకొని పంచిపెట్టెను. ఆ పోరాటము 1951 అక్టోబరులో విరమింపబడెను. ఆ సంవత్సరమే ఏప్రిలులో శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనమునుండి వినోబా భావే గారు కాలినడకను బయలుదేరి పోచంపల్లి చేరిరి. 18వ తేదీన అచటి హరిజనులు ఎనుబది యెకరములు కావలెనని కోరగా, వెదిరె రామచంద్రారెడ్డి గారు నూఱు యెకరములిచ్చుటకు ముందునకు వచ్చిరి. భూదానోద్యమమునకు అదియే మొదలు.

ఇట్లు ఒకే కాలమున, కొలది క్రోసుల లోపల, భూమి చేతులు మారుటకు మూడు మార్గములు గానవచ్చెను: తుపాకి, దానము, శాసనము. తుపాకి శీఘ్రమైనది, కాని తుపాకి యిచ్చిన భూమిని వేఱొక తుపాకి తీసికొనగలదు. పోలీసుచర్య పిమ్మట అనేక గ్రామములలో భూస్వాములు మరలివచ్చి అట్లే చేసిరి. దానము పవిత్రమైనది, కాని దాత మనస్సుపై ఆధారపడినది. దానపత్రములలోని భూములలో సాగునకు పనికిరానివియు, తగవులలోనివియు గలవు. శాసనము మందగామి; పలువురి బేరసారములతో బలహీనమగునది. అయినను శాసనము వలన లభించినది హక్కు. ఆ హక్కుతో పేదవాడు న్యాయస్థానపు మెట్లెక్కగలడు. బూర్గుల వారు జీవితమంతయు ఈ మూడవ మార్గమునే నమ్మిరి. అయితే శాసనకర్తలను తొందరపెట్టినది మొదటి రెండు మార్గముల యొత్తిడియే యని చెప్పకున్నచో మేము చరిత్రకు ద్రోహము చేసినవారమగుదుము. నల్లగొండ, వరంగల్లు గ్రామములలో నెత్తురు చిందనిచో కౌలుదారీ శాసనము అంత త్వరగా వచ్చియుండునా యనునది నిష్పక్షపాతులు ఆలోచింపవలసిన విషయము.

1952 ఆరంభమున వయోజన వోటు హక్కుపై మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగెను. దేశముఖునకు ఒక వోటు, ఆయన పాలేరునకు ఒక వోటు. 175 స్థానముల శాసనసభలో కాంగ్రెసునకు 93, కమ్యూనిస్టులతో కూడిన ప్రజాస్వామ్య కూటమికి 42 లభించెను. షాదునగరు నుండి యెన్నికైన బూర్గుల వారు మార్చి 6వ తేదీన ముఖ్యమంత్రి పదవి నధిష్ఠించిరి. రావి నారాయణరెడ్డి గారు నల్లగొండ నుండి లోకసభకు దేశమంతట అత్యధికమైన వోట్లతో గెలిచిరి. మొన్నటి వరకు అడవులలో నున్నవారు, చెరలో నున్నవారు నేడు ప్రతిపక్షపు బల్లలపై కూర్చుండి మంత్రులను ప్రశ్నించుచుండిరి. రాజ్యాంగము చేయగల మహత్కార్యమిదియే. శత్రువులను మిత్రులుగా చేయుట దానికి సాధ్యము కాకపోవచ్చును. శత్రువులను ప్రతిపక్షులుగా చేయుట మాత్రము దానికే సాధ్యము.

భూమి విషయమున ముఖ్యమంత్రికి ఎదురైన పరీక్ష కఠినమైనది. శాసనము వచ్చుచున్నదని వినగానే అనేకులు కౌలుదారులను తొలగించిరి. కొందరు బెదిరించి రాజీనామాలు వ్రాయించుకొనిరి. బేదఖలు నిరోధించుటకు ప్రభుత్వము 1952లో ఆర్డినెన్సు వెలువరించెను. 1954లో శాసనమునకు ముఖ్యమైన సవరణలు వచ్చెను. కుటుంబ కమతము అను కొలమానమేర్పడెను. ఏటికి ఎనిమిదివందల రూపాయల నికరాదాయమిచ్చు భూమి ఒక కుటుంబ కమతము. దానికి నాలుగున్నర రెట్లు మించి యొకరికి భూమి యుండరాదని పరిమితి విధింపబడెను. కౌలుదారుడు కొనుటకు ముందునకు వచ్చువరకు వేచియుండక, ప్రభుత్వ ప్రకటన మాత్రముచేతనే యజమాన్యము అతనికి సంక్రమించునట్లు 38-ఇ అను విభాగము చేర్పబడెను. భారతదేశమున భూపరిమితిని తలపెట్టిన తొలి శాసనములలో ఇదియొకటి.

ఫలితమేమి? ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆర్థికశాస్త్రజ్ఞులు ఖుస్రో గారు మునుపటి జాగీరు ప్రాంతములను పరిశీలించి లెక్కలు ప్రకటించిరి. 1951లో గుర్తింపబడిన ప్రతి నూర్గురు రక్షిత కౌలుదారులలో, నాలుగేండ్ల పిమ్మట ఆ హోదాలో మిగిలినవారు సుమారు 45 మంది. భూమిని కొని యజమానులైనవారు సుమారు 12 మంది. చట్టప్రకారము తొలగింపబడినవారు ముగ్గురికి లోపు. చట్టవిరుద్ధముగా తొలగింపబడినవారు 22 మంది. స్వచ్ఛందముగా వదలుకొన్నారనబడినవారు 17 మందికి పైగా. స్వచ్ఛందమను మాటకు గ్రామములలో అర్థమేమో మా పాఠకులకు వివరింప నక్కరలేదు. శాసనసభలో చేయబడిన శాసనము పటేలు, పట్వారీల చేతిమీదుగా పొలమునకు చేరవలసియుండెను. ఆ చేతులు ఎవరి పక్షముననుండెనో యందరికిని తెలిసినదే. శాసనము చేయుట సగము పని. దానిని నడపు యంత్రమును సరిచేయుట తక్కిన సగము. ఈ రెండవ సగమున బూర్గుల వారి ప్రభుత్వము చాలినంత చేయలేకపోయెను.

భూవసతి గల మా పాఠకులలో ననేకులు ఈ శాసనము వలన నష్టపడిన కుటుంబములకు చెందినవారై యుందురు. వారి వాదమును తీసివేయరాదు. భర్త పోయిన స్త్రీ, పట్టణమున చిన్న యుద్యోగము చేసికొను గృహస్థుడు, తన పది యెకరములను కౌలునకిచ్చి బ్రతుకుచుండగా, వేలయెకరముల దేశముఖునకు వర్తించిన న్యాయమే వారికిని వర్తించుట న్యాయమా? స్వయముగా సాగుచేయుటకు భూమిని తిరిగి పొందు అవకాశమును, వెల చెల్లింపును ఇందులకే శాసనమున నుంచిరి. అది చాలినదా కాదా యనునది వాదగ్రస్తమే. వెల లేకుండ లాగికొనుట ఒక ఆర్థిక సిద్ధాంతము. సొత్తును ముట్టరాదనుట వేఱొక సిద్ధాంతము. ఈ రెంటి నడుమ, ప్రజాప్రయోజనమునకై, శాసనపూర్వకముగా, పరిహారముతో హక్కును మార్చుట మూడవ సిద్ధాంతము. మధ్యేమార్గమున నడచువానిని రెండు వైపుల వారును నిందించుట లోకసహజము. బూర్గుల వారు ఆ నిందను పుష్కలముగా అనుభవించిరి.

వారి పాలనకు మచ్చయు గలదు. 1952 సెప్టెంబరులో ముల్కీ నిబంధనలను గూర్చి విద్యార్థులు ఆందోళన చేయగా హైదరాబాదు నగరమున పోలీసుకాల్పులు జరిగి ప్రాణములు పోయెను. ప్రభుత్వము న్యాయమూర్తి పింగళి జగన్మోహనరెడ్డి గారిచే విచారణ జరిపించెను. ఎన్నికలచే ఏర్పడిన ప్రభుత్వము ఏడునెలలు నిండక మునుపే తన యువకులపై కాల్పులు జరుపుట శోచనీయము. విచారణకు లోబడుటయే ఫర్మానా పాలనకును దీనికిని గల భేదమని సమాధానము చెప్పవచ్చును. పోయిన ప్రాణములకు ఆ సమాధానము చాలదు.

1955లో రాష్ట్ర పునర్విభజన సంఘము తెలంగాణమును కొంతకాలము ప్రత్యేక రాష్ట్రముగా నుంచి, 1961 ప్రాంతపు ఎన్నికల పిమ్మట శాసనసభలో మూడింట రెండువంతుల సమ్మతితో ఆంధ్రలో కలుపవచ్చునని సూచించెను. బూర్గుల వారి మనస్సు మొదట ప్రత్యేక రాష్ట్రము వైపే మొగ్గెను. పిమ్మట వారు ఐక్యమునకు సమ్మతించి, 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుష్యుల ఒడంబడికపై సంతకము చేసిరి. నవంబరు 1న ఆంధ్రప్రదేశము అవతరించెను. వారి ముఖ్యమంత్రి పదవియు ఆ దినముతో ముగిసెను. తాను సంతకము చేసిన కాగితమువలన తన పదవి పోవునని యెరిగియు సంతకము చేసినవారు రాజకీయములలో అరుదు. ఆ ఒడంబడికలోని రక్షణలు సరిగా నెరవేరలేదను ఆవేదన 1969లోను, పిమ్మటను రగిలి, 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రావతరణముతో ముగిసెను. పెద్దమనుష్యుల మాట శాసనమంత బలమైనది కాదని, శాసనమునే నమ్మిన మనుష్యుని చేతిమీదుగా చరిత్ర మనకు నేర్పినది.

1956 నవంబరులో వారు కేరళమునకు గవర్నరుగా నియమింపబడిరి. 1957 ఎన్నికలలో అచట కమ్యూనిస్టు పక్షము గెలువగా, ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాదు గారి మంత్రివర్గముచే ప్రమాణము చేయించినవారు బూర్గుల వారే. ఆ ప్రభుత్వము వచ్చిన తోడనే కౌలుదారుల తొలగింపును నిలుపుచు ఆర్డినెన్సు తెచ్చెను. హైదరాబాదులో తాము తెచ్చినటువంటి దానిపైననే కేరళమున గవర్నరుగా వారు సంతకము చేయవలసివచ్చెను. అచటి మంత్రివర్గము తలపెట్టిన భూసంబంధముల బిల్లు, విద్యాబిల్లు తీవ్రమైన వివాదమును లేపెను. 1959 జూనులో విమోచనపోరాటమను పేర ఆందోళన ప్రబలెను, కాల్పులు జరిగెను. గవర్నరు నివేదికపై రాష్ట్రపతి జూలై 31న ఆ మంత్రివర్గమును తొలగించి శాసనసభను రద్దుచేసిరి.

ఈ ఘట్టమును మేము ప్రశంసింపజాలము. శాసనసభలో సంఖ్యాబలము గల ప్రభుత్వమును వీథులలోని గొడవలను కారణముగా తొలగించుట, సభయందలి విశ్వాసమే మంత్రుల ఆయుష్షను సూత్రమునకు విరుద్ధమని మా దృష్టి. శాంతిభద్రతలు చెడినవనియు, ప్రజల విశ్వాసము సడలినదనియు నాడు చూపబడిన కారణములు. 356వ అధికరణము పిమ్మటి కాలమున అనేక పర్యాయములు దుర్వినియోగమయ్యెను. తుదకు 1994లో బొమ్మై వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము, ప్రభుత్వ బలము సభయందే తేలవలెనని నిర్ణయించెను. ఆ తీర్పు వెలుగున చూచినచో బూర్గుల వారి 1959 నివేదిక వారి జీవితసూత్రమునకే వెలితిగా కానవచ్చును. గొప్పవారి జీవితమున ఇట్టి వెలితిని కప్పిపుచ్చుట వారికి గౌరవము కాదు.

1960 నుండి 1962 వరకు వారు ఉత్తరప్రదేశమున గవర్నరుగా నుండి, పిమ్మట రాజ్యసభ సభ్యులై, 1967 సెప్టెంబరులో పరమపదించిరి. వారు తెచ్చిన 38-ఇ విభాగము తెలంగాణమున నధికభాగమున 1973 జనవరి 1 నుండి గాని అమలునకు రాలేదు. దాదాపు ఇరువది సంవత్సరముల యాలస్యమది. ఆ లోపల ఎందరు కౌలుదారులు భూమిని వదలి కూలికి పోయిరో! వారి శిష్యులైన నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా భూపరిమితిని మరల తలకెత్తుకొనగా ఆ శాసనము 1973లో వచ్చెను. హైదరాబాదు నగరమున బూర్గుల వారి పేరిట గల భవనము 2019 నుండి 2023 వరకు తెలంగాణ సచివాలయముగా నుపయోగింపబడెను.

నగరము ఇబ్రహీంపట్నము వైపు విస్తరించుచున్న ఈ దినములలో ఎకరము వెల లక్షలు దాటి కోట్లకెక్కినది. వరి పండిన మళ్లు ఇండ్ల స్థలములగుచున్నవి. భూమి విలువ పెరిగిన కొలది పాత లెక్కలలోని పేర్లను గూర్చిన తగవులును పెరుగుచున్నవి. తన పేరు కాగితమున నున్నదని యజమాని ధైర్యముగా నిద్రించుటకును, తన తాత పేరు రక్షిత కౌలుదారుల పట్టికలో నున్నదని పేదవాడు ధైర్యముగా ప్రశ్నించుటకును కారణమొక్కటే: భూమిపై హక్కును నిర్ణయించునది ఒకరి ఇష్టము గాక, సభలో చర్చింపబడి, న్యాయస్థానమున పరీక్షింపబడు శాసనము. యజమానిని రక్షించు శాసనమును కోరువారు కౌలుదారుని రక్షించు శాసనమును కూడ గౌరవింపక తప్పదు. ఒకదానిని త్రోసివేసినచో రెండవదియు నిలువదు. బూర్గుల రామకృష్ణారావు గారి జీవితమునుండి మా పాఠకులు గ్రహింపదగిన రాజ్యాంగపాఠమును, ఆర్థికపాఠమును ఇదియే.